రాగి చెంబు మీద పేరు

ఏడు దాటింది. స్వరూప ఇంకా లేవలేదు.

పాల ప్యాకెట్లు గేటుకు తగిలించిన సంచిలోనే ఉన్నాయి. వాకిలి ఊడ్వలేదు, నీళ్ళు చల్లలేదు, ముగ్గు పడలేదు. వంటింట్లో స్టవ్ చల్లగా ఉంది. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి, కూతురు పుట్టినప్పుడు దవాఖానలో ఉన్న రోజులు తప్ప, స్వరూప చీకటితో లేవని రోజు లేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎన్నడూ గమనించలేదు. ఇవాళ తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒకేసారి గమనించారు.

ఓంప్రకాశ్ వాకింగ్ బూట్లు విప్పకుండానే హాల్లో నిలబడి ఉన్నాడు. రాత్రి స్వరూప కూతురి గదిలో పడుకుంది. తెల్లవారుజామున తలుపు బయటి నుంచి రెండుసార్లు పిలిచాడు, పలకలేదు. ఒక్కడే గ్రౌండు చుట్టూ తిరిగి వచ్చాడు. తిరిగినంతసేపూ మనసు ఇంటి దగ్గరే ఉంది.

హారిక తలుపు మెల్లగా దగ్గరికి వేసి బయటికి వచ్చింది.

"అమ్మకు జ్వరమా?"

"కాదు."

"మరేంది?"

"నిద్ర పోతాంది బాపు."

ఓంప్రకాశ్ నమ్మలేదు. లోపలికి వెళ్ళి భార్య నుదుటి మీద చెయ్యి పెట్టాడు. చల్లగానే ఉంది. స్వరూప కళ్ళు తెరవకుండా ఆ చేతిని తీసి పరుపు మీద పెట్టింది. తోసెయ్యలేదు. కోపం వచ్చినా వస్తువులు విసిరే అలవాటు ఆమెకు లేదు, మొగుడి చెయ్యి అయినా సరే.

"డాక్టర్ దగ్గరికి పోదామా?"

"వద్దు."

"ఎన్నింటికి లేస్తవ్ మరి?"

"నిద్ర తీరినంక."

"ఎప్పుడు తీరుతది?"

"తీరినంక చెప్త. చెంబు మీద గొట్టిపెట్టు."

అప్పుడు ఆయనకు విషయం కొంచెం అర్థమైంది. పూర్తిగా కాదు. పూర్తిగా అర్థం చేసుకోవడానికి ఓంప్రకాశ్‌కు ఎప్పుడూ ఒక పూట ఎక్కువే పడుతుంది.

హనుమకొండలో వ్యాపారుల సంఘం వాళ్ళు పెట్టిన క్లాసుకు వెళ్ళివచ్చినప్పటి నుంచి ఆయన మునుపటి మనిషి కాదు. టై కట్టుకున్న ఒక కుర్రాయన స్టేజీ మీద అటూ ఇటూ నడుస్తూ, తెల్లవారుజామును వృథా చేసేవాడు జీవితాన్నే వృథా చేస్తున్నాడని చెప్పాడట. మర్నాటి నుంచి ఇంట్లో గోరువెచ్చని నీళ్ళు, వాకింగ్, ప్రాణాయామం, కాసేపు మౌనం, ఆపైన కూర్చుని నిన్న జరిగిన మంచి గురించి రాసుకోవడం. ఆయన ఒక్కడే చేసుకుంటే గొడవ ఉండకపోను. సామాన్ల వ్యాపారి కదా, ఏదైనా సెట్టుగా ఉంటేనే ఆయనకు తృప్తి. భార్యనూ కూతురినీ కలిపి సెట్టు చేశాడు.

వరంగల్ చౌరస్తా దగ్గర స్టీలు సామాన్ల దుకాణం ఆయనది. గిన్నెల మీద పేర్లు కొట్టే పని తండ్రి దగ్గర నేర్చుకున్నాడు, ఇప్పటికీ వేరేవాళ్ళ చేతికి ఇవ్వడు. నిన్న రాత్రి మూడు రాగి చెంబులు తెచ్చి ముగ్గురి ముందు పెట్టాడు. పొద్దున్నే నీళ్ళు తాగడానికి. ఒకదాని మీద ఓంప్రకాశ్, ఒకదాని మీద హారిక, ఒకదాని మీద స్వరూప. ప్రతి పేరు కింద, ముత్యాల్లాంటి అంకెల్లో, 5.00.

ఆ చెంబు చేతిలోకి తీసుకుని స్వరూప చాలాసేపు చూసింది. మెచ్చుకుంటున్నదని ఓంప్రకాశ్ అనుకున్నాడు.

హారిక చాయ్ పెడుతుంటే ఆయన వంటింటి గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"చెంబు నచ్చలేదా మీ అమ్మకు?"

"అమ్మనే అడుగు."

"నిన్ను అడుగుతాన గదా."

"నాకు నచ్చలే, అది మాత్రం చెప్త. నాకు ఆన్‌లైన్ పని రాత్రి పన్నెండు దాంక ఉంటది. నన్ను అయిదింటికి లేపి మౌనంగ కూసోమంటవ్. నేను కూసోని నిద్రవోతాన. నువ్వేమో బిడ్డ ధ్యానంల ఉన్నదని ఖుషీ అయితానవ్."

ఓంప్రకాశ్‌కు నవ్వు రాబోయింది. ఆపుకున్నాడు. ఇంటిపెద్దగా ఇప్పుడు నవ్వడం సబబు కాదనుకున్నాడు.

స్వరూప జుట్టు ముడి వేసుకుంటూ వచ్చింది. ముఖం నిద్రతో ఉబ్బి ఉంది. ఆమె నిద్రముఖం ఆ ఇద్దరికీ కొత్త.

"చాయ్ పొయ్యి బిడ్డా," అని పీట వాల్చుకుని కూర్చుంది.

హారిక స్టీలు గ్లాసులో చాయ్ పోసి ఇచ్చింది. ఆ గ్లాసు మీద 'యాకమ్మ జ్ఞాపకార్థం' అని ఉంటుంది. ఆ యాకమ్మ ఎవరో వాళ్ళకు తెలియదు. ఆర్డరిచ్చినవాళ్ళు తేదీ తప్పు పడిందని వదిలేసి పోతే గ్లాసులు ఇంటికి వచ్చాయి. ఆ వంటింట్లో సామానంతా అలాంటిదే. పరకాల పెళ్ళివారు ముహూర్తం మార్చుకుని వద్దన్న బిందె, ఎవరో గృహప్రవేశానికి చెప్పి తీసుకుపోని పళ్ళేలు. పేరు కొట్టిన సామాను ఇంకొకరికి అమ్ముడుపోదు. అందుకని ఊళ్ళో వాళ్ళందరి పేర్ల మీదా స్వరూప వండుతుంది, వడ్డిస్తుంది, తోముతుంది.

"చెంబు మంచిగలేదా?" అని అడిగాడు ఓంప్రకాశ్.

"చెంబు మంచిగున్నది."

"మరి?"

"ఈ ఇంట్ల ఏ గిన్నె మీదన్న నా పేరున్నదా?"

ఆయన అల్మారా వైపు చూశాడు. చూడాల్సిన అవసరం లేదు, ఆయనకు తెలుసు.

"మన ఇంట్ల మన పేరెందుకు స్వరూపా? ఎవలన్న ఎత్కపోతరా?"

"నేను గట్లనే అనుకున్న. పేర్లు బయటోళ్ళకు అనుకున్న. నిన్న నువ్వు చెంబు చేతుల పెడితే చూసిన. నా పేరు. గుండ్రంగ, మంచిగ గొట్టినవ్. సంబురమైంది. అబద్ధమెందుకు, మస్తు సంబురమైంది." ఆమె చాయ్ ఒక గుక్క తాగింది. "మళ్ళ కింద చూసిన. ఇన్నేండ్లకు నా పేరు గొట్టినవ్, గొట్టి డ్యూటీ టైం ఏసిచ్చినవ్."

హారిక స్టవ్ వైపు తిరిగి అక్కర్లేకపోయినా పాలు కలిపింది.

"నీ ఆరోగ్యం కోసమే గదా చేసిన."

"నేను నీకంటె ముందే లేస్త. ఎప్పుడన్న నన్ను లేపినవా నువ్వు?"

"లేస్తవ్, కాదంటలేను. లేసి ఏం జేస్తవ్? ఆ టైమంత ఊరికెనే పోతాంది గదా."

"వాకిలూడుస్త. నీళ్ళు జల్లుత. ముగ్గేస్త."

"అదంత అయినంక?"

"ఏం జెయ్య."

"అంటే?"

"ఏం జెయ్య అంటే ఏం జెయ్య. కూసుంట."

ఓంప్రకాశ్‌కు ఈ జవాబు అందలేదు. టై కుర్రాయన క్లాసులో ఇలాంటి మనుషుల గురించి చెప్పలేదు.

"యాడ కూసుంటవ్?"

"ఎనుక గోడ కాడ. ఈ దిక్కు నేను, ఆ దిక్కు ఎనుకింటి సుల్తానా ఆపా. ఒకనాడు ఆమె చాయ్ తెస్తది, ఒకనాడు నేను తీస్కపోత. మీరు లేసే దాంక."

"ఎప్పటి సంది?"

"హారిక బడికి పోకముందు సంది."

ఓంప్రకాశ్ కూతురి వైపు చూశాడు. తనకూ తెలియదన్నట్టు హారిక తల అడ్డంగా ఊపింది.

"ఏం మాట్లాడుకుంటరు?"

"మాట్లాడుతం. మాట్లాడం. రంజాన్ నెలల చాయ్ గూడ ఉండదు, ఆమె తాగంది నేనెట్ల తాగుత? ఊకె కూసుంటం."

"నాకెన్నడు చెప్పలే."

"నీకు చెప్తే అది నాదెట్లయితది?"

ఓంప్రకాశ్‌కు నొప్పి కలిగింది. ఆయన భార్యను ప్రేమించని మనిషి కాదు. ఆమెకు ఏ కూర ఇష్టమో, ఏ రంగు చీర నప్పుతుందో, ఏ మాటకు మూతి ముడుస్తుందో తెలిసినవాడు. ఆమెవన్నీ తెలుసనుకున్నాడు. తను పక్కగదిలో గురక పెడుతుండగా ఆమెకొక గంట ఉందనీ, అందులో తను లేననీ ఇప్పుడే తెలిసింది.

తప్పు దిద్దుకోవాలన్న తొందరలో ఇంకో తప్పు చేశాడు.

"సరే. రేపటి సంది ఆ గంట నీకిస్తాన. ప్లాన్‌ల రాస్త, స్వరూప ఫ్రీ టైం అని."

"ఇచ్చుడేంది?" ఆమె గొంతు పెరగలేదు. "నీ దుకాణంల సామానా అది? నాదే. నువ్వు తీస్కున్నవ్. తీస్కున్నది యాడిది ఆడ పెట్టు."

"పెట్టిన అనుకో. పో రేపు."

"ఏ మొఖం పెట్టుకొని పోవాలె? పదిహేను దినాలాయె ఆపాతోని ఒక్క మాట మాట్లాడక. పగలంత ఆమె కొత్తవాడల దర్రీ జంపఖానాలు నేసే పనికి పోతది, మాపటికి రెండిండ్లల్ల మనుషులే. మాకున్నది ఆ జరంత సేపే. ఆమె గోడ కాడ నిలబడి చూస్తాంది, నేను బూట్లేస్కొని నీ ఎనుక పోతాన. ఏమనుకుంటాందో ఏమో."

స్వరూప లేచి గ్లాసు కడిగి బోర్లించింది. "రేపు గూడ పండుకుంట," అని వాకిలి ఊడ్వడానికి వెళ్ళింది. ఎండలో ఊడ్చిన వాకిలిలో ముగ్గు వంకరగా పడింది.

ఆ రోజు ఓంప్రకాశ్ చెంబును దుకాణానికి తీసుకుపోయాడు. 'పేరు కొట్టిన సామాను వాపసు తీసుకోబడదు' అన్న బోర్డు కిందే ఆయన కుర్చీ. ఆ బోర్డు పెట్టించింది కూడా ఆయనే. కొట్టిన అక్షరం పోదని పెళ్ళివాళ్ళకు రోజూ చెప్పే మనిషి, ఇవాళ మధ్యాహ్నమంతా కింది అంకెలను అరగదీస్తూ కూర్చున్నాడు. రాగి మెరిసిందేగాని అంకెలు పోలేదు. నీడలా కిందే ఉన్నాయి.

బిందె కొనడానికి వచ్చిన ఒక పెద్దాయన ఆ చెంబును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సేటూ, ఇది అయిదింటికి మోగుతదా?"

"మోగింది," అన్నాడు ఓంప్రకాశ్. "మా ఇంట్ల మోగింది."

మర్నాడు బుధవారం. ఓంప్రకాశ్ ఫోను మోగకముందే లేచాడు. స్వరూప కూతురి పక్కన గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోతున్నదో, నటిస్తున్నదో తెలియలేదు. ఆయన చప్పుడు కాకుండా వంటింట్లోకి వెళ్ళి స్వయంగా చాయ్ పెట్టాడు. అల్లం ఎక్కువైంది, చక్కెర ఇంకా ఎక్కువైంది. రెండు గ్లాసుల్లో పోసుకుని వెనక తలుపు తీశాడు.

ఆయన ఉపాయం చిన్నదే. చాయ్ గోడ మీద పెట్టడం, తప్పు తనదని సుల్తానాకు చెప్పడం, స్వరూపను లేపి పంపి తను వాకింగ్‌కు పోవడం. తీసుకున్నది ఉన్నచోట పెట్టడం అంటే ఇదేనని ఆయన లెక్క.

గోడ నడుమెత్తు ఉంటుంది. పైన షాబాదు బండ పరిచి ఉంది. ఆ బండ మీద రెండు గుండ్రటి మరకలు, ఒకటి ఇటు, ఒకటి అటు. ఏళ్ళ తరబడి గ్లాసులు పెట్టగా పెట్టగా పడ్డవి. ఈ ఇంట్లో పుట్టి పెరిగిన ఓంప్రకాశ్ వాటిని చూడటం ఇదే మొదలు.

అవతల సుల్తానా బేగం తల మీద కొంగు సర్దుకుంటూ నిలబడి ఉంది. నమాజు ముగించుకుని వచ్చినట్టుంది. ఆమె ముందు కూడా రెండు చాయ్ గ్లాసులు ఉన్నాయి.

"నువ్వా తమ్మీ? స్వరూపకు పానం మంచిగలేదా?"

"మంచిగనే ఉన్నది ఆపా. నా మీద అలిగింది."

"దేనికి?"

"మీ ఇద్దరి చాయ్ నేనే బంద్ చేసిన. నాకు తెల్వకనే చేసిన. ఆమె ఎన్నడు చెప్పలే."

సుల్తానా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నేనే ఏదో అన్న, దిల్‌కు తగిలిందేమో అనుకున్న. ఏమన్ననో యాదికి రాలే. రోజు రెండు గిలాసలు పట్టుకొని వస్తాన. మీ గేటు సప్పుడైతది, ఇద్దరు పోతాండ్లు. రెండు నేనే తాగి లోపలికి పోతాన."

"ఆమెకూ అదే ఫికర్, మీరేమనుకుంటాండ్లో అని. ఉండుండ్రి, లేపుకొస్త."

"ఆగు తమ్మీ. జర ఆగు."

ఆమె వెనక్కి తిరిగి తన ఇంటి కిటికీ వైపు చూసింది. కిటికీకి పరదా లేదు. లోపల గోడ పక్కన తాళ్ళతో కట్టిన మూటలు ఉన్నాయి. ఓంప్రకాశ్ అవి చూశాడు.

"మేము ములుగు పోతానం," అంది సుల్తానా. "మా సోహెల్‌కు ఆడనే ఉద్యోగం ఖాయమైంది. కోడలు నిఖత్‌కు నెలలు నిండుతానయి, చూసేటోళ్ళు లేరు. మీ భాయ్‌సాబ్ మోకాళ్ళ సంగతి నీకు ఎరుకే. కిరాయిల్లు ఖాళీ చేస్తానం. రేపు మాపటికి బండొస్తది. శుక్రారం జుమ్మా నమాజు ఆడ చదువాలని ఆయన పట్టు."

"రేపా?"

"రేపే."

"స్వరూపకు..."

"చెప్పలే. ఆమెకు నేనే చెప్పాలె, నేను చెప్పినంకనే గల్లీల ఎవ్వలకన్న తెల్వాలె అని మా ఆయనతోని ఒట్టేయించుకున్న. పదిహేను దినాల సంది అదే చెబ్దామని వస్తాన తమ్మీ, చాయ్ ఒక వంక."

ఓంప్రకాశ్ గోడను పట్టుకున్నాడు. ఆ పదిహేను పొద్దులూ ఆయనకు గుర్తుకు వచ్చాయి. భార్యను వెంటబెట్టుకుని గ్రౌండు చుట్టూ చేతులు ఊపుతూ నడిచిన పొద్దులు. నిన్న జరిగిన మంచి ఏమిటో రాయమని ఆమె చేతికి పెన్ను ఇచ్చిన పొద్దులు. ఆమె ఏమీ రాయకుండా కిటికీ లోంచి వెనక గోడ వైపు చూస్తుంటే, దృష్టి పెట్టమని మందలించిన పొద్దులు. ఆయనకు సిగ్గు వేసింది.

"తప్పయింది ఆపా," అన్నాడు చివరికి.

"నీకేమెరుక. అట్ల గాదు గాని, నువ్వు చెప్పకు. నేనే చెప్త. ఇయ్యాల గాదు. ఇయ్యాల ఒక్కనాడు మునుపటి లెక్క ఊకె కూసుంటం. రేపు చెప్త."

"చెప్ప ఆపా."

"ఇంకొకటున్నది. మీ దుకాణంల చిన్న గిలాస ఒకటి తీసి పేరు గొట్టి పెట్టు. పోయేటప్పుడు ఆమెకు ఇస్త."

"ఏం పేరు?"

"స్వరూప."

"కింద మీ పేరు కొట్టాల్నా? తేదీ?"

"కిందేం వద్దు."

ఓంప్రకాశ్ తల ఊపాడు. సరేనని నోటితో చెప్పబోయాడుగానీ వెనక తలుపు చప్పుడైంది.

స్వరూప గుమ్మంలో నిలబడి ఉంది. మొగుణ్ణీ, సుల్తానానూ, బండ మీద నాలుగు గ్లాసులనూ వరుసగా చూసింది.

"నువ్వేంది గీడ?"

"చాయ్ తెచ్చిన," అన్నాడు ఓంప్రకాశ్. "పోతాన ఇగ, వాకింగ్‌కు."

"నువ్వు చేసినవా?"

"చక్కెర జర ఎక్కువైంది."

స్వరూప దగ్గరికి వచ్చింది. నిన్నటి కోపం ఆమె ముఖంలో వెతికినా కనిపించేలా లేదు. అవతలి వైపు చెయ్యి చాపింది. సుల్తానా ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"నువ్వు గూడ కూసో," అంది స్వరూప మొగుడితో, అటు చూడకుండానే. "ఒక్కనాటికి ఏం గాదు."

ఆ మాట నిన్న అని ఉంటే ఆయన పొంగిపోయి కూర్చునేవాడు. ఇవాళ ఆమె ముఖంలోకి సూటిగా చూస్తే తెలిసిపోతుందని భయం వేసింది.

"వద్దు. ఇది నీది," అని ఇంటి పక్క సందులోంచి గేటు వైపు నడిచాడు.

గల్లీ ఇంకా లేవలేదు. వెనక నుంచి స్వరూప నవ్వు వినిపించింది. పదిహేను రోజులుగా ఇంట్లో లేనిది ఆ నవ్వేనని ఆయనకు అప్పుడు తెలిసింది.

"అబ్బ, పానకం లెక్కున్నది ఆపా. ఇది పారబోద్దాం, నీదే తాగుదాం." గ్లాసు బండ మీద పెట్టిన చప్పుడు. "మనం వంతులే మర్చిపోయినం. ఇయ్యాల నీదనుకో. రేపు నేను తెస్త. జుమ్మా నాడు మళ్ళ నీదే, మర్వకు."



గేటు గడియ మీద చెయ్యి వేసిన ఓంప్రకాశ్ దాన్ని తియ్యకుండా అక్కడే నిలబడ్డాడు.

"ఆపా," అంది స్వరూప మళ్ళీ. "ఏమైంది? పరదా ఏది మీ కిటికీకి?"